మలుపు కాడ మోగే రేలింగ్

కరీంనగర్
10 ఫిబ్రవరి 2025, సోమవారం

లక్ష్మీరాజం అన్నకు చెల్లె పద్మలత దండం పెట్టి రాస్తున్నది.

ముందుగాల తిట్టకు. నెలన్నర సంది ఉత్తరం ఎయ్యలె, ఒప్పుకుంటున్న. పోస్టాఫీసుల కవర్ అడిగితే ఆ పిల్ల నా మొకం జూసి నవ్వుతది, గీ కాలంల గూడ ఉత్తరాలేంది మేడం అని. మా అన్నకు దుబాయిల ఇరవై ఏండ్లు ఇనుము కోసిన మిషన్ చప్పుడుకు చెవులు పోయినయి, ఫోన్ల ఆ? ఆ? అనుడు తప్ప ముచ్చట సాగది, పెద్ద ఫోన్ కొనుక్కోమంటే కొట్లాటకస్తడు అని చెప్పిన. అబద్ధమా చెప్పు?

ఇగ అసలు సంగతి. దీపికకు ఐదేండ్లు నిండినయి, చెవులు ఇంకా కుట్టియ్యలె. మా అత్తమ్మ రోజు సణుగుతున్నది. అయ్యగారు మార్చి తొమ్మిది, ఆదివారం మంచిదన్నడు. మేనమామ ఒళ్లె కూసోవెట్టుకోనిది చెవులు కుట్టరు, నీకెరుకే. ఇచ్చోడ బస్సు దొరకలేదు, ట్రాలీ రిపేరుకొచ్చింది అని సాకులు చెప్పకు. నువ్వు రావాలె.

నేనొక ప్లాను ఏసిన. పొద్దుగాల అవుసలాయన దుకాణంల చెవులు కుట్టిచ్చి, అటెనుక కాలువ మీది తోటకు పోదం. మీ బావ అక్కడ సూపర్‌వైజర్ ఉన్నప్పుడు నిన్ను పిలిపిచ్చుకున్నడు గదా, అప్పుడది వట్టి పాత కాలువేనాయె. పిల్లర్ల మీద మన్ను, ఇనుము తప్ప ఏం లేకుండె. ఇప్పుడు చూస్తే గుర్తువట్టవు. నీళ్లు పారిన జాగల గడ్డి, గన్నేరు చెట్లు, నడుమ బాట, రెండు దిక్కుల నువ్వు నిలవెట్టిన పసుపు రేలింగ్. కిందికెల్లి బస్సులు పోతుంటే మనం వాటి నెత్తి మీద నడుస్తుంటం. బస్టాండ్ దిక్కు మెట్లెక్కి, ముచ్చటవెట్టుకుంట మార్కెట్ దిక్కు దిగితే అర్ధగంట. నడుమ మలుపు కింద చంద్రవ్వ మెస్సున్నది. జొన్న రొట్టె, తలకాయ కూర. పగటి బువ్వ అక్కడ్నే.

మీ బావ ఇప్పుడు చెన్నూరు దిక్కు ఇంకో పని మీద ఉంటుండు, శనివారం మాపటికి వస్తడు. ఇంటికొస్తే ముందు నీ ఉత్తరమే చదువుతడు, నీ గీతలు ఆయనకే సమజైతయట.

దీపిక గీసిన బొమ్మ కవర్ల పెట్టిన. అది నువ్వే. మామకు వినపడాలె అని చెవులు పెద్దగ గీసింది.

నీ చెల్లె
పద్మ


ఇచ్చోడ
14 ఫిబ్రవరి, శుక్రవారం

పద్మకు, దీపికకు, ఇంటిల్లిపాదికి లక్ష్మీరాజం ఆశీర్వాదాలు.

బొమ్మను దుకాణం తలుపుకు అంటిచ్చిన. ట్రాక్టర్ ట్రాలీ అతికిచ్చుకునేతందుకు వచ్చిన పెద్దమనిషి చూసి ఇది ఏనుగా అనడిగిండు. అవునన్న. మా మేనకోడలు ఏనుగులను మంచిగ గీస్తది అని చెప్పిన.

నేను రాకుంటే ఇంకెవలొస్తరు? మీ వదిన బతికున్నప్పుడే పిల్ల చెవులకని బంగారు తీగె చేపిచ్చి పెట్టెల దాసిపోయింది. రెండేండ్ల సంది గుడ్డల కట్టి అట్లనే ఉన్నది. నేనే నా చేతితోని తెస్త. రొట్టె, తలకాయ కూర అని రాసినవు, నిన్న మాపటి సంది నాకు ఇక్కడి బువ్వ నోట్లెకు పోతలేదు. పక్కింటి మరాఠి ఆమె, మేం తాయి అని పిలుస్తం, ఆమె శనగపిండితోని పిట్లా చేసి ఇచ్చింది. అది గూడ సప్పగనే అనిపిచ్చింది.

ఒక్కటి అడుగుత. మలుపు కాడ, చంద్రవ్వ మెస్సు మీదికి వచ్చే జాగల, రేలింగ్‌కు పద్నాలుగు ఇనుప జాలీలుంటయి. నేనొచ్చినంక అక్కడ ఎవలన్న మల్ల వెల్డింగ్ పెట్టిండ్రా? పెడితే రంగు కాలి నల్లగ మరకలుంటయి, లేకుంటే మల్ల కొట్టిన రంగు వేరుగ కొడుతది. నువ్వు అటు పోయినప్పుడు జర చూసి రాయి. బావనేం అడుగకు. పనోనికి తన పని యాదికొస్తది గదా, గంతే.

ఇంకోటి. తోట ఎందుకు గాని, డ్యామ్ కట్టకు పోదం. గాలి మంచిగొస్తది. చంద్రవ్వ దగ్గర గిన్నె నింపిచ్చుకొని కింద చాప ఏసుకొని తిందం. మీదికెక్కుడు, దిగుడు, మీ అత్తమ్మకు మోకాళ్ల నొప్పులాయె. పిల్లను పైలంగ చూసుకో.

మీ అన్న
లక్ష్మీరాజం


కరీంనగర్
19 ఫిబ్రవరి, బుధవారం

అన్నా,

మా అత్తమ్మ మోకాళ్ల మీద నీకు గింత ఫికర్ ఎన్నటి సంది? చదివి వినిపిస్తే ఆమెనే నవ్వింది. ఆమె దినాం పొద్దుగాల ఆ మెట్లెక్కి మా కన్న ముందుగాల మీదుంటది.

నువ్వు చెప్పినట్టు నిన్న పోయి చూసిన. నల్ల మరక ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎవలు ముట్టలె నీ పనిని. మిగతా రేలింగ్ అంత అతుకుల కాడ ఇనుము గడ్డకట్టినట్టు బొడిపెలు బొడిపెలు కనవడుతది గాని, మలుపు కాడ మాత్రం నున్నగ, చెయ్యి వెట్టి రాస్తే ఎక్కడ అతికిండ్రో తెలుస్తలేదు. వేరేటోళ్ల పనికి మా అన్న పనికి గిదీ తేడా అనుకున్న. గర్వమైంది నాకు, నిజంగ.

ఇంకో సంగతి నీకు తెలువదు. మలుపు కాడి రేలింగ్ మోగుతది. పట్టుకొని ఊపితే గజ్జెల తీరు గల్ గల్ మంటది. దీపికకు అదే ఆట. ప్రతి ఆదివారం అక్కడికి ఉరుకుడు, రెండు చేతులతోని పట్టుకొని ఊపుడు. మామ నా కోసమే మోగేటట్టు చేసిండు అంటది. నేనేమన్న కాదన్ననా?

కోమల గురించి గూడ చెప్పాలె నీకు. చంద్రవ్వ కోడలు. ఇరవై నాలుగేండ్లుంటయి, నోరు తెరిస్తే నవ్వే. తోటల కూసున్నోళ్లు కిందికి దిగేటందుకు బద్ధకపడుతుండ్రని ఆమె ఒక ఉపాయం చేసింది. మలుపు కాడ రేలింగ్ మీదికెల్లి వంగి "అత్తా, ఆరు రొట్టెలు, రెండు కూర" అని కేకేస్తది. కింద చంద్రవ్వ బుట్టల పెడుతది. ఈమె తాడువెట్టి గుంజుతది. తాడు కొస రేలింగ్‌కే కట్టి ఉంటది ఎప్పుడు. ఆదివారం పూట ఎన్ని బుట్టలెక్కుతయో లెక్కలేదు. బువ్వ ఆకాశంల నుంచి కాదు, భూమిల నుంచి వస్తది అని దీపిక చప్పట్లు కొడుతది. కోమల దానికి ఎప్పుడు ఓ బెల్లం ముక్క ఇయ్యంది పంపదు. ఆమెకు గూడ రెండేండ్ల ఆడపిల్ల ఉన్నది, చీరెతోని నడుముకు కట్టుకొని పనిచేస్తది.

మా అన్న వస్తుండు, ఈ రేలింగ్ ఆయనదే అని చెప్పిన. ఆ రోజు తలకాయ కూర మీకే తీసి పెడుత అన్నది. డ్యామ్ కట్ట ముచ్చట ఇగ ఎత్తకు.

పద్మ


ఇచ్చోడ
23 ఫిబ్రవరి, ఆదివారం

పద్మా,

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం వచ్చింది. నాలుగు మాట్ల చదివిన.

మీది తోటకు పోవద్దు. ఎందుకంటవా, మార్చి నెలల ఎండ ఎట్లుంటదో నీకెరుకే. చెట్లింకా చిన్నగున్నయి, నీడ లేదు. తేనెటీగలు గూడ ఉంటయట. జనం మస్తుగుంటరు, పిల్ల తప్పిపోతే ఎవలు దిక్కు? ఇంకా ఎన్నో ఉన్నయి. అన్నీ రాయరాదు. కొన్ని ముచ్చట్లు కాగితం మీద పెట్టేటియి కావు, అందులోన నలుగురు చదివే కాగితం మీద.

దీపికను ఆ రేలింగ్ ముట్టనియ్యకు. ఊపనియ్యకు. ఈ ఆదివారం గూడ పోయిండ్రా మీరు? వచ్చే ఆదివారం పోకుండ్రి. మామ కోపం చేస్తుండు అని చెప్పు దానికి. ఏడిస్తే ఏడ్వనీ.

చెవులు ఇంట్లనే కుట్టిద్దం. లేకుంటే చొప్పదండిల మన పాతిల్లున్నది, వాకిలి ఊడ్పిచ్చి అక్కడ పెట్టుకుందం. అదీ కాదంటే ఈ నెల ఆగుదం. నాకు గూడ ఒంట్ల మంచిగుంటలేదు. నా మాట ఒక్కటి విను. చిన్నప్పుడు నా మాట ఎన్నడు విన్నవు గనుక.

లక్ష్మీరాజం


కరీంనగర్
28 ఫిబ్రవరి, శుక్రవారం

అన్నా,

రాసుడు ఇష్టం లేకున్నా రాస్తున్న.

ఎండ అంటవు, తేనెటీగలంటవు, చొప్పదండి అంటవు, ఈ నెల ఆగుమంటవు. ఆఖరికి ఒంట్ల బాగలేదంటవు. దుబాయిల యాభై డిగ్రీల ఎండల పనిచేసినోడు గన్నేరు చెట్లకు నీడ లేదని భయపడుతుండా? నేను చిన్నపిల్లనా అన్నా?

నాకు సమజైంది. నువ్వు కాగితం మీద పెట్టనిది నేనే పెడుత. దీపిక పుట్టెంట్రుకలప్పుడు, వదిన పోయిన మూడు నెలలకు, మా అత్తమ్మ నలుగుట్ల అన్నది గదా, ఆలి లేనోని ఒళ్లె పిల్లను కూసోవెట్టుడు మంచిది కాదు అని. మీ బావ తరఫు చుట్టం పర్శరాములు ఒళ్లె పెట్టిండ్రు. నువ్వు గడప అవుతల నిలవడి చెప్పులేసుకున్నవు. నేను వంటింట్ల నుంచి చూసిన. అప్పుడు నోరు తెరువలె. రెండేండ్లాయె, ఆ దినం యాదికొస్తే ఇప్పటికీ సిగ్గయితది నాకు. ఆ నొప్పి నీకు పోలేదు. గందుకే మొదాలు వస్తనన్నవు, నేను మా అత్తమ్మ పేరు తియ్యంగనే వెనుకకు తగ్గినవు. అవునా?

నిన్న ఆమెతోని కొట్లాట పెట్టుకున్న. మా అన్న ఒళ్లె కూసోనిది పిల్ల చెవులు కుట్టేది లేదన్న. ఆమె గూడ మెత్తవడ్డది, పెద్దమనిషాయె, ఏదో నోరు జారిన అన్నది.

ఇగ ప్లాను మారింది. అవుసలాయనను ఒప్పిచ్చిన. ఆయన సామాను తీసుకొని తోటకే వస్తడు. మలుపు కాడ, నువ్వు చేసిన రేలింగ్ కిందనే చాప ఏస్త. నువ్వు ఆ రేలింగ్‌కే ఆనుకొని కూసోవాలె, పిల్లను ఒళ్లె పెట్టుకొని. అందరు చూడాలె. ఆ దినం గడప అవుతల నిలవడ్డోడు ఈ దినం నడుమ కూసోవాలె. కోమల బుట్టల బువ్వ గుంజుతది, అక్కడ్నే తిందం.

రాకుంటే మాత్రం నాకు అన్న లేడనుకుంట.

పద్మలత


ఇచ్చోడ
3 మార్చి, సోమవారం

పద్మా, బిడ్డా,

ఈ ఉత్తరాన్ని పోస్టుల ఎయ్యలె. కరీంనగర్ పోయే బస్సు డ్రైవర్ బుచ్చిరాములు మనోడే, ఆయన చేతికిస్తున్న. నువ్వొక్కదానివే చదువు. బావ చదివినా సరే, ఇగ నాకు దాసుడు చాతకాదు.

మీ అత్తమ్మ మీద నాకేం లేదు. నువ్వు అనుకున్నదేది కాదు.

జాలీ నిలవెట్టేటప్పుడు మేం ముందుగాల నాలుగు మూలల చిన్న చిన్న టాకాలు కొడుతం. దర్జీ ఆయన మిషన్ మీద కుట్టే ముందట చేతితోని పెద్ద కుట్లు ఏసుకుంటడు సూడు, అట్ల. అది జాలీని పట్టుకునేతందుకే. అటెనుక చుట్టూత నిండు వెల్డింగ్ పెట్టాలె. నువ్వు చూసిన బొడిపెలు అవే. తోటల అన్నిటికి పెట్టిన. మలుపు కాడి పద్నాలుగిటికి పెట్టలె. దసరా అయినంక, ఓపెనింగ్ నాలుగు రోజులున్నదనంగ జనరేటర్ ఖరాబయింది. రంగోళ్లొచ్చి నెత్తి మీద కూసున్నరు. కంట్రాక్టర్ ఫోన్ల బావను తిట్టవట్టిండు. బావ నా దగ్గరికొచ్చి, "బావా, ఇప్పటికి టాకాల మీద లప్పం పెట్టు, రంగేసుకుందం, ఓపెనింగ్ అయినంక నేనే నిండు వెల్డింగ్ పెట్టిపిస్త" అని కాగితం మీద రాసి చూపెట్టిండు.

నేను పెట్టిన. పిండి ముద్ద అసొంటి ఆ లప్పాన్ని నా బొటనవేలుతోనే పెట్టిన. నువ్వు చెయ్యివెట్టి రాసి గర్వపడ్డది నా వెల్డింగ్‌ను కాదు, ఆ లప్పాన్ని. గంత నున్నగ పెట్టుడు వచ్చుగనుకనే ఎవలు కనిపెట్టలె. దుబాయిల ఇరవై ఏండ్లు చేసిన, అసొంటి పని ఒక్కనాడు చెయ్యలె. మన పని, మన బావ, మన చెల్లె ఇల్లు అని చేసిన. మరునాడు ఇచ్చోడకొచ్చిన. బావ పెట్టిపిచ్చే ఉంటడు అనుకున్న. అనుకొని పన్న.

నిండు వెల్డింగ్ పెట్టిన జాలీ మోగది. ఎంత ఊపినా మోగది. మోగుతున్నదంటే టాకాలు తెగుతున్నయన్నట్టు. నాకు చెవులు లేవు గాని, నువ్వు గల్ గల్ అని రాసిన కాడి నుంచి ఆ చప్పుడొక్కటే వినపడుతున్నది.

అది రెండంతస్తుల ఎత్తు. కింద బండలు పరిచిన బాట. పిల్లను అటు తీసుకపోకు. ఆ జాలీకి నన్ను ఆనుకొని కూసోమంటున్నవు, పిల్లను ఒళ్లె పెట్టుకొని. నీ కన్న పద్దెనిమిదేండ్లు పెద్దోన్ని, నీ కాళ్లు మొక్కుత. మన దీపికను అటు పోనియ్యకు.

లక్ష్మీరాజం


కరీంనగర్
5 మార్చి, బుధవారం

అన్నా,

నీ ఉత్తరం ముట్టింది. చదివినంక దీపికను గట్టిగ పట్టుకొని చానసేపు కూసున్న. అది, ఊపిరాడుతలేదమ్మా అన్నది.

మీ బావకు ఫోన్ చేస్తే మాపటికే చెన్నూరు నుంచి వచ్చిండు. ఉత్తరం చదివిండు. మొకం నల్లగయింది. ఓపెనింగ్ అయిన వారానికే నన్ను ఈ పని మీదికి పంపిండ్రు, కంట్రాక్టర్‌కు అప్పుడే చెప్పిన, ఆయన చేపిస్తనన్నడు అంటడు. మల్ల ఫోన్ చేసిండు నా ముందటనే. చూద్దాంలే, ఈ నెల దాటనీ అన్నడట. ఇగ మీ బావ కంట్రాక్టర్ మీద కాకుండ నీ మీద ఎగిరిండు. గిసొంటి సంగతి కాగితం మీద రాస్తరా, అది ఎవల చేతికన్న పోతే నా గతేంది, పిల్ల గతేంది అన్నడు. ఆ డ్రైవర్ చదివిండా అని పదిమాట్ల అడిగిండు.

ఆదివారం మేం మీదికి పోతలేం. ఒట్టు. చెవులు దుకాణంలనే కుట్టిస్తం.

ఇంకోటి రాయాలె, చెయ్యి వస్తలేదు. ఈ ఆదివారం నిన్ను రావద్దంటుండు మీ బావ. వస్తే నువ్వు ఆ మలుపు కాడికి పోతవు, ఎవలతోనన్న అంటవు అని ఆయన భయం. పర్శరాములునే కూసోవెడుతరట. నేను కొట్లాడిన. ఓడిపోయిన. తప్పయింది అన్నా.

నువ్వు ఎవలతోని అనకు. ఇది చదివి కాలవెట్టు.

పద్మ


ఇచ్చోడ
9 మార్చి, ఆదివారం

పద్మకు, దీపికకు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం నిన్న ముట్టింది. పోతలేం అన్న ఒక్క మాట కాడ నా పానం తిరిగొచ్చింది. పదిహేను రోజుల సంది సరిగ నిద్ర లేకుండె, నిన్న పడుకుంటే తాయి తలుపు కొట్టేదాక లేవలె. పిట్లా మల్ల చేసిచ్చింది. రెండు రొట్టెలు తిన్న.

ఒళ్లె ఎవలు పెట్టుకుంటే ఏంది? పర్శరాములు మంచోడే. పిల్ల పిల్ల తీరు ఉంటే నాకంతే చాలు. బావకు కోపం వచ్చుడు గూడ న్యాయమే, ఉద్యోగం గలోడు. ఆయన ఫోన్ చేసిండు గదా, వాళ్లు చూసుకుంటరు.

పగటి పదకొండయింది. ఈ పాటికి చెవులు కుట్టుడు అయిపోయి ఉంటది. ఏడ్చిందా? పసుపు, కొబ్బరినూనె రాయి. నేనిక్కడ దుకాణం ముందట కుర్చీ ఏసుకొని, దాని బొమ్మను చూసుకుంట రాస్తున్న. ఇయ్యాల ఎండ గూడ మంచిగనే అనిపిస్తున్నది.

మీ అన్న
లక్ష్మీరాజం


కరీంనగర్
12 మార్చి, బుధవారం

అన్నా,

మేమంత మంచిగున్నం. దీపిక చెవులు కుట్టినం. ఏడ్చింది, మల్ల ఊకున్నది.

కోమల పోయింది.

ఆదివారం పగటీలి, నువ్వు నాకు ఉత్తరం రాస్తున్న గడియలనే. తోట నిండ జనం. ఎనిమిది ప్లేట్ల బుట్ట గుంజుతుండెనట. వంగి, "అత్తా, ఇంకో రెండు రొట్టెలెయ్యి" అని కేకేసిందట. జాలీ ఊడి ఆమెతోనే పోయింది. కింద చంద్రవ్వ చేతులు పైకి చాపుకొనే ఉండె, బుట్ట పంపి. ఆమె కాళ్ల ముందటనే పడ్డది. ఆమె పిల్ల ఆ గడియల నడుముకు లేదు, నిద్రవోతుందని మెస్సుల పండవెట్టింది. కోమల రెండు రోజులు కండ్లు తెరువలె, నిన్న పొద్దుగాల పానం పోయింది.

అన్నా, శనివారం మాపటికి కూరగాయలకు పోతే ఆమె కలిసింది. అక్కా, రేపు తలకాయ కూర మీకని తీసి పెట్టమంటవా అనడిగింది. దీపికకు జరమొచ్చింది, వస్తలేం అన్న. అయ్యో అని నడుము నుంచి బెల్లం ముక్క తీసి ఇచ్చింది, పిల్లకియ్యి అని. నా నాలుక మీదున్నది ఆ మాట. ఆ రేలింగ్ మీద వంగకు అని గీ నాలుగు మాటలు. ఈమె చెప్పిందని ఎవలన్న అంటరు, మీ బావ పేరొస్తది అని మింగిన. ఆ బెల్లం ముక్క ఇంకా అలమారల ఉన్నది. పారెయ్య చాతనైతలేదు, పెట్టుకోను చాతనైతలేదు.

ఇప్పుడు ఊరంత ఒక్కటే మాట. రేలింగ్‌కు తాడు కట్టి బరువులు గుంజితే ఊడదా, ఆమెదే తప్పు అంటుండ్రు. కంట్రాక్టర్ మనుషులే అట్ల పుట్టిచ్చిండ్రు. చంద్రవ్వను గూడ అడిగిండ్రట, ఎవలనడిగి తాడు కట్టిండ్రు అని. మీ బావ సెలవు పెట్టి ఇంట్లనే పంటుండు, తింటలేడు.

ఎవలన్న ఇచ్చోడ దాక వచ్చి అడిగితే నువ్వు దసరాకు ముందే పని ఇడిసిపెట్టి వచ్చిన అని చెప్పాలెనట. ఆయనే రాయమన్నడు. రాసిన. నా ఉత్తరాలన్ని కాలవెట్టు అన్నా. ఈ ఒక్కసారి నా మొకం చూడు.

పద్మ


ఇచ్చోడ
15 మార్చి, శనివారం

పద్మా,

నీ ఉత్తరం ఇయ్యాల పొద్దుగాల ముట్టింది. దుకాణం బంద్ పెట్టిన.

నీవి కాలవెట్టలె. అన్నీ ముందటేసుకొని మల్ల చదివిన. నేను రాసినయి నా దగ్గర లేవు గాని యాదికున్నయి. పిల్లను పైలంగ చూసుకో అని రాసిన. దీపికను ముట్టనియ్యకు అని రాసిన. మన దీపికను పోనియ్యకు అని నీ కాళ్లు మొక్కిన. నువ్వు కోమల గురించి అర్ధ కాగితం రాసినవు. తాడు రేలింగ్‌కే కడుతదని రాసినవు, వంగి కేకేస్తదని రాసినవు, ఆమెకు రెండేండ్ల పిల్ల ఉన్నదని గూడ రాసినవు. నేను నాలుగు మాట్ల చదివిన. నాలుగు మాట్లల ఒక్కసారన్న ఆమె నాకు కనవడలె. నాకు కనవడ్డది మన పిల్ల చెయ్యొక్కటే. మీరు పోతలేరని తెలిసినంక నేను రొట్టె తిన్న. ఎండ మంచిగున్నదని రాసిన. ఆ గడియల ఆమె కింద బండల మీదున్నది.

నువ్వు మాట మింగినవని ఏడుస్తున్నవు. నువ్వు ఒక్క మాపు మింగినవు, నేను ఐదు నెలలు మింగిన.

తాడు కట్టిన ఆమెదే తప్పంటున్నరని రాసినవు. నిండు వెల్డింగ్ పెట్టిన జాలీకి ఎడ్లబండిని కట్టి గుంజినా ఊడది. ఆ మాట చెప్పగలిగేటోన్ని నేనొక్కన్నే ఉన్న. మిగిలిన పదమూడు జాలీలు ఇంకా అట్లనే ఉన్నయి, ఎవలు ముట్టి ఉండరు. రేపు ఆదివారం.

గందుకే మధ్యాహ్నం బస్సుకే వస్తున్న. మీ ఇంటికి రాను. ఈ మాపటికి మలుపు కాడ తాడు కట్టి, ఎర్రగుడ్డలు కట్టి, రేపంత అక్కడ్నే నిలవడుత. చౌకీదార్ ఎల్లగొడితే మల్లెక్కుత. సోమవారం కలెక్టర్ ఆఫీసుల ప్రజావాణి ఉంటది, అక్కడికి పోత. వాళ్లడిగేది నాకు వినపడది గనుక చెప్పేదంత ముందుగాలనే రాసుకున్న. నాలుగు కాగితాలయినయి. లప్పం పెట్టింది ఎవలు అన్న కాడ నా పేరు రాసిన. పెట్టుమన్నది ఎవలు అన్న కాడ చెయ్యి ఆగింది. తాయి ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. అటెనుక బావ పేరు, ఓంప్రకాశ్ అని రాసిన, చూద్దాంలే అన్న కంట్రాక్టర్ పేరు గూడ రాసిన. నిన్ను అడుగలె. అడిగితే నువ్వు వద్దంటవు, నేను వింట.

అది అయినంక చంద్రవ్వ దగ్గరికి పోత. ఏమంటదో అననీ. ఆమె తిట్టేది గూడ నాకు వినపడది, అదొక్కటే నాకు బాధయితున్నది.

నీ ఇల్లు కూలగొడుతున్న. తెలిసే చేస్తున్న. మీ వదిన దాసిన బంగారు తీగె కవర్ల పెడితే పోతదని నా దగ్గరనే ఉంచిన. ఎన్నడన్న నా మొకం చూడబుద్ధయితే వచ్చి తీసుకపో. దీపిక చెవులకు పసుపు రాసుడు మరువకు, ఎండల తిప్పకు.

బుచ్చిరాములు బస్సు గంటల వస్తది, దీన్ని ఆయన చేతికియ్యొచ్చు. ఇయ్యలె. మామూలు పోస్టు డబ్బల ఏస్తున్న, నీకు మంగళవారం అందుతది.

లక్ష్మీరాజం